మెట్లు దిగలేనివారి జాబితా

గ్రాంటు చెక్కు అట్టతో చేసింది. నేను రెండు చేతులూ చాచినా అందనంత పొడుగు. దాన్ని ఎడమ చివర ఆఫీసరుగారు, కుడి చివర నేను, మధ్యలో మా బ్లాకు కమిటీ పెద్ద అయిన చైనీస్ అంకుల్ పట్టుకుని నిలబడ్డాం. యీషున్ అనే పేటలో మా బ్లాకు కింద, స్తంభాల మధ్య గోడల్లేకుండా ఉండే వాయిడ్ డెక్‌లోనే సభ. మా దగ్గర పెళ్ళయినా చావయినా అక్కడే జరుగుతుంది. ఆ ఉదయం బెలూన్లు కట్టారు, మైకు పెట్టారు, అందరికీ పొట్లాల్లో సేమ్యాలాంటి బీహూన్ పంచారు. నేను వెంకటగిరి చీర కట్టుకుని, ఫొటోవాడు నవ్వమంటే పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో ఉంది. దాన్ని పీకి పారెయ్యాలని రోజుకి రెండుసార్లు అనిపిస్తుంది, పొద్దున దిగేటప్పుడూ, సాయంత్రం ఎక్కేటప్పుడూ.

గ్రాంటు దేనికంటే, ఆపద కాలానికి. మంటలు రేగినా, ఏదన్నా పేలినా, ఎవడో దుర్మార్గుడు జనం మీద పడినా, ఫైరింజను వచ్చేలోపు మొదటి కాసేపు బ్లాకులో వాళ్ళే ఒకరినొకరు చూసుకోగలగాలి. అందుకు కావలసిన సామాను, శిక్షణ అన్నీ ఆ డబ్బుతో సమకూర్చుకోవాలి. మంటలార్పే సిలిండర్లు, గుండె ఆగినవాళ్ళకి షాకిచ్చే పెట్టె, కట్లు కట్టడం నేర్పే క్లాసులు. అన్నిటికన్నా ముఖ్యం, మెట్ల మీద జారుకుంటూ దిగే కుర్చీలు రెండు. లిఫ్టు ఆగిపోతే నడవలేనివాళ్ళని వాటిలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఒక్క మనిషే కిందికి తీసుకురాగలడు. అప్లికేషన్ మొత్తం నేనే రాశాను. దాన్ని చదివి మెచ్చుకున్నారని ఆఫీసరుగారు మైకులో చెప్పారు కూడా.

మెచ్చుకోరూ మరి! నా ఉద్యోగమే అది. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో, "రేపు పొద్దున ఈ భవనం లేకపోతే ఏం చేస్తాం" అన్న ప్రశ్నకి జవాబులు రాయడం నా పని. ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ మెట్ల మీదుగా దిగాలి, ఎక్కడ నిలబడి తలలు లెక్కపెట్టాలి. ఆరు నెలలకోసారి ప్రతి విభాగానికీ ఫారాలు పంపిస్తాను. చదవకుండా అన్ని గడుల్లోనూ "అవును" అని టిక్కులు కొట్టి పంపే మేనేజర్లుంటారు చూశారూ, వాళ్ళని దులిపేస్తాను. "కాగితం మీద ఎవరూ చావరండీ, మెట్ల మీదే చస్తారు" అని ఒకసారి ఓ పెద్ద మేనేజరు మొహం మీదే అనేశాను. ఆఫీసులో నేనంటే హడల్. ఇంట్లో మా అమ్మాయి నాకు సైరన్ అని పేరు పెట్టింది.

గ్రాంటుకి ఒక షరతు ఉంది. తమంతట తాము మెట్లు దిగలేనివాళ్ళు బ్లాకులో ఎవరెవరున్నారో జాబితా తయారు చెయ్యాలి. ఏ అంతస్తు, ఏ ఇల్లు, ఎవరి సాయం కావాలి, ఇంటివాళ్ళ సంతకం. ఆపద వచ్చినరోజు కుర్చీలు ఆ జాబితా ప్రకారమే కదులుతాయి. జాబితా రాసే పని కూడా నాకే అప్పగించారు. మూడు ఆదివారాలు అంకుల్, నేను కలిసి ప్రతి తలుపూ తట్టాం.

అంకుల్ గురించి చెప్పాలి. నాలుగో అంతస్తులో ఒక్కరే ఉంటారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. డెబ్భై వచ్చినా కండలు తిరిగి ఉంటారు. నలభై నాలుగేళ్ళదాన్ని పట్టుకుని "గర్ల్" అని పిలిచేవారు. ఆయన నోట ఆ పిలుపు వింటే నిజంగానే రెండు జడలు వేసుకున్నట్టుండేది నాకు. తలుపు తీసినవాళ్ళతో ముందు వాతావరణం, తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాతే ఫారం. ఏడో అంతస్తు చైనీస్ అవ్వ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ సంతకం పెట్టింది. పదో అంతస్తులో షుగరు వల్ల ఒక కాలు తీసేసిన మలయ్ ఆయన, "నన్ను మొదట దింపండి, నేను బరువు" అని నవ్వాడు. అలా ఐదుగురు తేలారు.

మనవాళ్ళ ఇళ్ళు బ్లాకులో ఆరున్నాయి. అందులో మూడిళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు. ఒక్కరంటే ఒక్కరు సంతకం పెడితే ఒట్టు. తొమ్మిదో అంతస్తులో వరంగల్ అమ్మాయి తలుపు సగమే తీసింది.

"మా మామకేంది అక్కా, మంచిగనే నడుస్తరు. రోజూ వాకింగ్ పోతరు" అంది.

ఆ మాట అంటుండగానే లోపల కర్టెన్ వెనకనుంచి వాకర్ టకటకమన్న చప్పుడు, ఆ వెంట ఆయాసం. ఆ పిల్ల నా కళ్ళలోకి చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టిగా అడుగుదామనుకున్నాను, అంకుల్ పక్కనే ఉన్నారని ఊరుకున్నాను. బయటికొచ్చాక ఆయన, "యువర్ పీపుల్ ఆల్ వెరీ హెల్దీ, ఆ?" అన్నారు. అందులో వెటకారం లేదు పాపం. నేనే సిగ్గుతో చచ్చి, ఏదో ఇకిలించాను.

ఎందుకు దాచారో నాకు తెలుసు. పెద్దవాళ్ళంతా పిల్లల దగ్గర ఉండటానికి ఈ దేశం ఇచ్చే పాసు మీద ఉన్నవాళ్ళే. దాన్ని మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవాలి. నడవలేదని, మంచాన పడిందని ఎక్కడన్నా రాస్తే పాసు పొడిగించరన్న పుకారు మన వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. "దేనిమీదా సంతకం పెట్టకండి, ఇక్కడ ఒకచోట రాసింది అన్నిచోట్లకీ పోతుంది" అని ఎవరో పెడితే, దాని కింద నలభైమంది దణ్ణాలు పెట్టారు. అలా పంపేసినవాళ్ళని ఎవరన్నా చూశారా అంటే ఒక్కరూ చూడలేదు. ఏ ఆఫీసరూ అనలేదు, ఏ కాగితంలోనూ లేదు. భయం మాది, దాన్ని పెంచి పోషించిందీ మేమే.

ఇక మా ఇల్లు. పదకొండో అంతస్తు.

మా అత్తయ్యగారికి డెబ్భై తొమ్మిది. మా ఆయన ఒక్కడే కొడుకు. మామయ్యగారు పోయాక కాకినాడలో ఉన్న ఇంటిని అమ్మేసి, ఆవిడని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. అంటే వెనక్కి పంపిస్తే ఆవిడకి వెళ్ళడానికంటూ చోటు లేదు, తలుపు తీసే మనిషి లేదు. వచ్చిన మొదట్లో చలాకీగా ఉండేవారు. తెక్కా మార్కెట్టుకి నాతో వచ్చి, మునక్కాడలు విరిచి చూసి మరీ కొనేవారు. గత ఏడాది బాత్రూంలో జారి పడ్డాక మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఇంట్లో గోడ పట్టుకుని, సోఫా పట్టుకుని, ఫ్రిజ్ పట్టుకుని తిరగడమే. మెట్లన్న ఊసే లేదు. చక్రాల కుర్చీ ఒకటి కొన్నాం గానీ, అది ఎవరి కంటా పడకుండా బాంబ్ షెల్టర్‌లో బియ్యం బస్తాల వెనక పెట్టాం. ఇక్కడ ప్రతి ఫ్లాటుకీ ఒక ఉక్కు తలుపుల గది ఇస్తారు, యుద్ధం వస్తే దాక్కోవడానికి. మాకందరికీ అది సామాన్ల గది.

నాలుగు నెలల్లో అత్తయ్యగారి పాసు పొడిగింపు ఉంది. జాబితా ఫారం డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. "ఈ వ్యక్తి తనంతట తాను మెట్లు దిగగలరా?" అన్న ప్రశ్న. మా ఆయన వంటింట్లోంచి తల బయటపెట్టాడు.

"ఎందుకొచ్చిన గొడవే? రాయకు. రిన్యూవల్ అయిపోయాక చూద్దాంలే."

నేను "అవును" అన్న గడిలో టిక్కు కొట్టాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. వరంగల్ పిల్ల మీద అంత మండిపడ్డ మనిషిని కదా, నాకు సిగ్గెందుకు లేకపోయిందో తెలియదు. ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. ఆ జాబితా ఎక్కడికీ పోదు. దాని అసలు ప్రతి నా లాప్‌టాప్‌లో, నకలు అంకుల్ జేబులో, అంతే. రాసేదీ నేనే, దాచేదీ నేనే. నా చేతి కింద కాగితానికి నేనే భయపడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

అంతటితో ఊరుకున్నానా? లేదు. నేను పని పూర్తిగా చేసే మనిషిని. వాలంటీర్లు అప్పుడప్పుడు తలుపు తట్టి పెద్దవాళ్ళని పలకరిస్తారు. పగలు ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు, మా అమ్మాయి బడి నుంచి రెండింటికి గానీ రాదు. ఎవరన్నా అడిగితే ఏమనాలో నేర్పించాలి కదా. సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పాను.

"అత్తయ్యా, యూనిఫాంలో వచ్చినా, మామూలు బట్టల్లో వచ్చినా, ఎవరేమడిగినా ఒకటే మాట. ఐ కెన్ వాక్."

"ఐ కెన్ వాకు."

"వాక్. నవ్వుతూ అనాలి. గోడ పట్టుకోకూడదు, తలుపు పట్టుకోండి, అది మామూలుగా ఉంటుంది."

"ఏవిటోనే అమ్మాయ్, ఈ వయసులో నాకు ఇంగ్లీషు మీడియం చదువు అబ్బింది" అని పకపకా నవ్వారావిడ. చిక్కుడుకాయలు ఒలుస్తూ అదే పాఠం. "ఐ కెన్ వాక్, ఐ కెన్ వాక్." రెండుసార్లంటే గట్టిగా ఉంటుందని రెండుసార్లు అనడం ఆవిడ సొంత తెలివి. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, దిస్ ఈజ్ లైయింగ్ లా. నానమ్మ కెనాట్ వాక్, ఎవ్రీబడీ నోస్" అంది ఇక్కడివాళ్ళ యాసలో. నోర్మూసుకుని చదువుకో అన్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకి ఉన్న బుద్ధి నాకు లేకపోయిందని ఇప్పుడంటే ఏం లాభం?

చెక్కు తీసుకున్న ఉదయం ఆవిడ కూడా వస్తానన్నారు. పట్టుచీర తీయించుకున్నారు. "నిన్ను స్టేజీ మీద చూడాలనుందే" అన్నారు. చక్రాల కుర్చీలో దింపితే ఆఫీసర్లు చూస్తారు. వద్దన్నాను. చీర మళ్ళీ మడత పెట్టి బీరువాలో పెట్టాను. సభయ్యాక పైకెళితే, కారిడార్ పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ సభ బ్లాకు కిందే కాబట్టి అక్కడినుంచి చెట్ల తలకాయలూ, పార్కింగూ తప్ప ఏమీ కనిపించదు.

"మైకులో నీ పేరు వినిపించిందే అమ్మాయ్. చప్పట్లు కూడా వినిపించాయి" అన్నారు. కాళ్ళు వణుకుతున్నాయి. ఎంతసేపు నిలబడ్డారో అడగలేదు నేను.

కుర్చీలొచ్చాయి. డ్రిల్ పెట్టాం. అత్తయ్యగారు గుడికెళ్ళారని అంకుల్‌తో చెప్పాను. ఆవిడ గదిలో తలుపేసుకుని, దగ్గొస్తుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. డ్రిల్ మాత్రం దివ్యంగా జరిగింది. ఐదుగురినీ అనుకున్న సమయంలోపే దింపేశారు. పేటలో మిగతా బ్లాకులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అంకుల్ బొటనవేలు పైకెత్తి చూపించారు. నేను మళ్ళీ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను.

ఐదు వారాల తర్వాత, ఒక బుధవారం పన్నెండు దాటాక, ఆఫీసులో మీటింగులో ఉండగా అంకుల్ ఫోన్ చేశారు. ఆయన మామూలుగా ఫోన్ చెయ్యరు. బయటికొచ్చి ఎత్తాను. వెనక సైరన్లు, అరుపులు.

"గర్ల్, డోంట్ వరీ, ఆ. థర్డ్ ఫ్లోర్ బ్యాటరీ ఫైర్. ఫైర్‌మెన్ కమ్ ఆల్రెడీ." మూడో అంతస్తులో ఎవరిదో సైకిలు బ్యాటరీ చార్జింగులో ఉండగా పేలి, మెట్ల నిండా పొగ కమ్మింది. లిఫ్టులు ఆగిపోయాయి. అదంతా ఆయన రొప్పుతూ చెప్పారు. అయినా గొంతులో సంతోషం దాగడం లేదు. "లిస్ట్ ఫైవ్ పర్సన్స్, ఫైవ్ ఆల్ డౌన్. ఛెయిర్ వెరీ గుడ్. యువర్ లిస్ట్ వెరీ గుడ్ లా."



"అంకుల్, మా అత్తయ్య?"

"యువర్ మదర్-ఇన్-లా? ఐ నాక్ యువర్ డోర్. షి ఓపెన్. ఐ ఆస్క్, ఆంటీ, కెన్ వాక్? షి సే కెన్ వాక్, టూ టైమ్స్. సో ఐ గో టెన్త్ ఫ్లోర్, క్యారీ మలయ్ బ్రదర్. షి కమింగ్ బిహైండ్. ఓల్డ్ ఆల్రెడీ, స్లోలీ స్లోలీ లా."

నేను గోడకి ఆనుకున్నాను.

"అంకుల్, షి కెనాట్ వాక్."



"బట్ గర్ల్," అన్నారాయన, "యూ రైట్ కెన్."

తర్వాత ఆయన గొంతు చించుకుని ఫైర్‌మెన్‌ని పిలవడం వినిపించింది, ఫోన్ ఆగిపోయింది. అందరూ బయటికొచ్చేశారు, ఒక ముసలావిడ మాత్రం నడిచొస్తోంది అని వాళ్ళకి అంతకుముందే చెప్పారట ఆయన. నడిచొస్తున్న మనిషి కోసం ఎవరు వెతుకుతారు? బ్యాగు కూడా తీసుకోకుండా కిందికి పరిగెత్తి టాక్సీ ఎక్కాను. చాంగీ నుంచి యీషున్ దాకా ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. మా ఆయనకి ఫోన్ చేసి ఏం చెప్పానో గుర్తులేదు, అరిచానని మాత్రం తర్వాత అన్నాడు.

ఆవిడ తొమ్మిదో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య మలుపులో దొరికారు. పదకొండు నుంచి అక్కడిదాకా ఎలా దిగారో చీర చూస్తే తెలిసింది. నేత చీర వెనక భాగమంతా అరిగి చిరుగులు పట్టింది. కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగారు, ఏడాది పిల్లలు దిగినట్టు. దిగుతూ దిగుతూ ఎక్కడో దొర్లి తుంటి విరగ్గొట్టుకున్నారు. అక్కడే పొగలో పడి ఉన్నారు. ఎడమ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, పాసు కార్డు. ఆస్పత్రిలో నర్సులు ఆ వేళ్ళని విప్పడానికి అవస్థ పడ్డారట.

ఊపిరితిత్తుల నిండా పొగ పట్టేసిందని, ఆ వయసులో తుంటికి ఆపరేషన్ తట్టుకోవడం కష్టమని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఎన్నాళ్ళంటే చెప్పలేనంది. మా ఆయన కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మా అమ్మాయి నాకు దూరంగా, వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది.

మూడోరోజు అంకుల్ వచ్చారు. చేతిలో కమలాపళ్ళ సంచి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కారిడార్లో నా ఎదురుగా నిలబడి, "మై ఫాల్ట్. ఐ షుడ్ లుక్ హర్ లెగ్. ఐ నెవర్ లుక్" అన్నారు. డోర్ పట్టుకుని నవ్వుతూ చెప్పింది, నేను నమ్మి వెళ్ళిపోయాను, మలయ్ ఆయన్ని దింపాకైనా మళ్ళీ ఎక్కి చూడాల్సింది, అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి ఒక్క మనిషికి కూడా దెబ్బ తగలనివ్వలేదట.

నేను ఊరుకున్నాను. నిజం చెప్పేస్తున్నాను, ఒక నిమిషం పాటు నోరు విప్పలేదు. ఆ తప్పు ఆయన మోసుకుని వెళ్ళిపోతే నాకు తేలికవుతుందని లోపల ఏదో అంది. ఛీ, ఏం బతుకు! అప్పుడాయన కమలాపళ్ళ సంచి నా చేతిలో పెట్టబోయారు. అది అందుకోలేక ఏడ్చేశాను. మొత్తం చెప్పాను. టిక్కు, పాసు, చిక్కుడుకాయలు ఒలుస్తూ నేర్పిన పాఠం, డ్రిల్ రోజు గుడి అబద్ధం, బియ్యం బస్తాల వెనక కుర్చీ.

ఆయన అంతా విన్నారు. "ద లిస్ట్ కీప్ వేర్?" అని అడిగారు.

"మై లాప్‌టాప్. యువర్ పాకెట్."

"ఓన్లీ దిస్ టూ?"

తల ఊపాను. ఆయన సంచి కుర్చీ మీద పెట్టి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నన్ను గర్ల్ అని పిలవలేదు. ఎదురుపడితే మేడమ్ అంటారు.

ఆ వారంలోనే గ్రాంటు ఇచ్చిన ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. కొన్న సామాను నిజమైన ఆపదలో ఉపయోగపడింది కాబట్టి రిపోర్టు పంపమన్నారు. ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని నింపాను. "జాబితాలో ఉన్నవారందరూ సురక్షితంగా దిగారా?" అన్న గడి వచ్చింది. దిగారు మరి. అవునని టిక్కు కొట్టాను. ఈసారి అబద్ధం కాదు. కింద వివరాలు రాయడానికి నాలుగు వరుసల చోటుంది. అందులో, పదకొండో అంతస్తులో మెట్లు దిగలేని మనిషి ఒకరు ఉన్నారని, జాబితా రాసిన మనిషి ఆవిడ కోడలేనని, తెలిసే పేరు రాయలేదని రాసి పంపించాను. జవాబుగా విచారం తెలిపారు, ఇంకేమీ అడగలేదు.

వరంగల్ అమ్మాయి ఆస్పత్రికి వచ్చింది. కొంగు మెలిపెట్టుకుంటూ, "అక్కా, మా మామ పేరు రాస్కో" అంది. అక్కడే ఫోన్లో రాసుకున్నాను. మూడో ఇంటివాళ్ళు కూడా మర్నాడు మెసేజ్ పెట్టారు.

పన్నెండోరోజు అత్తయ్యగారికి కొంచెం తెలివొచ్చింది. ఆక్సిజన్ గొట్టం తీసి మాస్కు పెట్టారు. నన్ను గుర్తుపట్టి చెయ్యి కదిపారు. ఆ మధ్యాహ్నం ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చాడు, నీలం యూనిఫాం, జేబుకి కార్డు. చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. మంచం దగ్గరికొచ్చి వంగి, "ఆంటీ, హౌ ఆర్ యూ?" అన్నాడు.

ఆవిడ ఆ యూనిఫాం చూశారు, కాగితాలు చూశారు. మంచం పక్క కడ్డీని పట్టుకున్నారు. విరిగిన తుంటితో లేవబోయారు. నొప్పికి మొహం నల్లబడిపోయింది. అయినా మాస్కు వెనక నవ్వడానికి ప్రయత్నిస్తూ, నేను నేర్పింది నేర్పినట్టే అన్నారు.

"ఐ కెన్ వాక్, సార్. ఐ కెన్ వాక్."

"నో, నో, ఆంటీ" అంటూ ఆ కుర్రాడు కంగారుపడి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. నావైపు చూశాడు.

"షి కెనాట్ వాక్" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "ఏడాదయింది. ఆవిడ నడవలేరు." తెలుగులో అన్నానో ఇంగ్లీషులో అన్నానో తెలియలేదు.

అత్తయ్యగారు నాకేసి చూశారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ కోడలిని, ఒకే వంటింట్లో తిరిగాను, అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు. కోపం కాదు, భయం.

"అదేవిటే అమ్మాయ్," అన్నారు, మాస్కు లోపల మాట సరిగా రావడం లేదు, "అలా చెప్పేశావేవిటే? ఇంక నన్నుండనివ్వరు కదూ?"

"ఉండనిస్తారు అత్తయ్యా. ఎవరూ ఏమీ అనరు. అదంతా ఉత్తిదే, మేం ఊరికే భయపడ్డాం. ఎవరూ ఎక్కడికీ పంపరు."

చెయ్యి పట్టుకుని పదిసార్లు చెప్పాను. కాగితాల కుర్రాడు వెళ్ళిపోయేదాకా ఆవిడ చూపు అతని వీపు మీదే ఉంది. తర్వాత నా చేతిలోంచి చెయ్యి తీసేసుకుని, దుప్పటి కింద దేనికోసమో తడుముకున్నారు. ప్లాస్టిక్ కవరు కోసమని కాసేపటికి గానీ నాకు తట్టలేదు. మంచం పక్క సొరుగులోంచి తీసి ఇచ్చాను. గుండెల మీద పెట్టుకున్నారు.

నేను చెప్పింది ఆవిడ నమ్మలేదు. నమ్మకుండానే, రెండు రోజుల తర్వాత తెల్లవారుతుండగా పోయారు.